ఎదుటివారి రంగును పేరులో కలుపుకున్న రాయబారి



మొన్న ఆగస్టు 15న మందిరం ముందర వేపచెట్టు కింద జెండా ఎగరేశాం. సండే స్కూలు పిల్లలకు బొరుగులు, బిస్కెట్లు పంచాం. పిల్లలంతా గొంతు చించుకొని "జై హింద్" అన్నారు. అంతా అయిపోయి కుర్చీలు సర్దుతుంటే ఐదో తరగతి చదివే పిల్లోడొకడు దగ్గరికొచ్చి, "అయ్యగారూ, ఈ జై హింద్ అనే మాట ఎవరు పెట్టినారు?" అని అడిగాడు. మాకు తెలియదు. తెలియదని ఒప్పుకోవడానికి మొహమాటపడి, "పెద్దోళ్ళు పెట్టినార్లే నాయనా" అని పంపించేశాం. రాత్రి పడుకున్నాక ఆ ప్రశ్న మమ్మల్ని వదలలేదు. రోజూ నోట పలికే మాట ఎక్కడ పుట్టిందో తెలియకుండా పిల్లలకు నేర్పిస్తున్నామే అనిపించింది.

వెతికి చదివితే ఆ మాట వెనక ఒక మనిషి కనిపించారు. ఎక్కడో ఉత్తరాదివాడు కాదు, హైదరాబాదులో పుట్టినవాడు. స్వాతంత్ర్యం కోసం పోరాడి, స్వాతంత్ర్యం వచ్చాక దేశానికి రాయబారిగా పనిచేసిన మనిషి. పేరు అబిద్ హసన్ సఫ్రానీ. ఆయన ముస్లిం. మనది క్రైస్తవ సంఘం కదా, ఆయన కథ మనకెందుకని కొందరికి అనిపించవచ్చు. మంచి సమరయుని కథ చెప్పి, వెళ్ళి అలాగే చేయమన్న ప్రభువు మన ప్రభువు. యూదులు పలకరించడానికే ఇష్టపడని జాతివాడు ఆ సమరయుడు. కాబట్టి ఓపికగా చదవండి. చివరికి ఈ కథ తిరిగి మన ఊరికే, మన మందిరం గడపకే వస్తుంది.

అబిద్ హసన్ 1911లో హైదరాబాదులో పుట్టారు. అసలు పేరు జైనుల్ ఆబిదీన్ హసన్. అప్పుడు హైదరాబాదు నిజాం రాజ్యం. మన కర్నూలు, కడప జిల్లాలు మద్రాసు ప్రెసిడెన్సీలో, ఇంగ్లీషు దొరల చేతికింద ఉన్నాయి. తుంగభద్రకు ఇవతల ఒక రాజ్యం, అవతల ఇంకో రాజ్యం. కానీ ఆ ఇంట్లో తెల్లదొరల మీద కోపం మాత్రం మన సీమలో ఉన్నదానికి తక్కువేమీ కాదు. వాళ్ళ అమ్మ ఫక్రుల్ హాజియా బేగం గాంధీగారి మాట విని విదేశీ బట్టలను ఇంటి దగ్గరే మంటలో వేయించిన మనిషి. పెద్ద కొడుకు బద్రుల్ హసన్ గాంధీగారి దగ్గర పనిచేశాడు. ఆ తల్లి ఒడిలోనే అబిద్ హసన్‌కు బానిసతనం అంటే ఏమిటో, ఆత్మగౌరవం అంటే ఏమిటో తెలిసింది.

తర్వాత ఇంజినీరింగ్ చదువుకోవడానికి జర్మనీ వెళ్ళారు. చదువు సాగుతుండగానే రెండో ప్రపంచ యుద్ధం వచ్చింది. 1941లో సుభాష్ చంద్రబోస్ ఇంగ్లీషువాళ్ళ కళ్ళుగప్పి బెర్లిన్ చేరారు. ఆఫ్రికా ఎడారుల్లో ఇంగ్లీషువాళ్ళ తరఫున పోరాడుతూ జర్మన్ల చేతికి చిక్కిన మన భారతీయ సిపాయిలు అక్కడ ఖైదీల శిబిరాల్లో ఉన్నారు. వాళ్ళను కలుపుకొని ఒక దళం కట్టాలని బోస్ ప్రయత్నం. అబిద్ హసన్ చదువు పక్కన పెట్టి ఆయనతో చేరారు. ఆయనకు కార్యదర్శిగా, దుబాసీగా ఉన్నారు.

1943 ఫిబ్రవరిలో బోస్ జర్మనీ నుంచి ఆసియాకు జలాంతర్గామిలో బయల్దేరినప్పుడు వెంట వెళ్ళిన ఒకే ఒక్క భారతీయుడు అబిద్ హసన్. ఇరుకైన గొట్టం లాంటి పడవ. డీజిల్ వాసన. నెలల తరబడి సముద్రం కింద ప్రయాణం. ఏప్రిల్ నెలాఖరులో మడగాస్కర్ దగ్గర నడిసముద్రంలో, అలలు ఎగిసిపడుతుంటే, రబ్బరు తెప్ప మీద జర్మన్ జలాంతర్గామి నుంచి జపాన్ జలాంతర్గామిలోకి మారారు. మే నెలలో సుమత్రా తీరం చేరారు. అక్కడి నుంచి ఆజాద్ హింద్ ఫౌజ్. బర్మా సరిహద్దు, ఇంఫాల్ యుద్ధం, ఓటమి, వానల్లో బురదల్లో ఆకలితో తిరుగు ప్రయాణం. అవన్నీ ఆయన కళ్ళారా చూశారు.

ఇక్కడ ఒక మాట నిజాయితీగా చెప్పాలి. హిట్లర్ రాజ్యంలో ఎన్ని లక్షల మంది యూదులు ప్రాణాలు కోల్పోయారో మనకు తెలుసు. అలాంటివాళ్ళ సాయం తీసుకోవడం సరైన దారేనా అని ఆనాడే మన దేశంలో ఎంతోమంది ప్రశ్నించారు. మేమూ ఆ దారిని మీ ముందర ఆదర్శంగా పెట్టడం లేదు. కత్తి పట్టినవాడికి కత్తితోనే ముప్పు అని ప్రభువు పేతురుకు చెప్పింది మనం మరిచిపోలేదు. మేము ఈ కథ చెప్పేది తుపాకి గురించి కాదు. ఆ సైన్యంలో తుపాకి కంటే ముందు పుట్టిన ఒక పలకరింపు గురించి.

ఇంగ్లీషువాళ్ళ సైన్యంలో మన సిపాయిలను జాతులవారీగా, మతాలవారీగా విడదీసి దళాలు కట్టేవాళ్ళు. ఒక దళంలో సిక్కులు, ఒక దళంలో రాజపుత్రులు, ఇంకోదాంట్లో ముస్లింలు. పొయ్యి వేరు, వంట వేరు, పలకరింపు వేరు. ఒకరు రామ్ రామ్ అంటే ఒకరు సలాం అంటారు, ఇంకొకరు సత్ శ్రీ అకాల్ అంటారు. మాటలు మంచివే. కానీ నోరు తెరవగానే "నువ్వు మావాడివా, పరాయివాడివా" అనే లెక్క తేలిపోతుంది. బోస్ కట్టిన దళంలో అందరినీ కలిపి ఉంచారు, ఒకే చోట వండి ఒకే చోట పెట్టారు. మరి ఒకరికొకరు ఎదురుపడితే ఏమనాలి? అందరికీ చెందిన మాట ఒకటి కావాలి. ఆ అవసరంలో నుంచి "జై హింద్" పుట్టిందని, దాన్ని సూచించింది అబిద్ హసనేనని ఆ చరిత్ర రాసినవాళ్ళలో చాలామంది చెబుతారు.

ఆ మాట తర్వాత ఎంత దూరం పోయిందో మీకు తెలుసు. 1947 నవంబరులో స్వతంత్ర భారతదేశం అచ్చువేసిన తపాలా బిళ్ళ మీద మన జెండా పక్కన "జై హింద్" అని రాసుంది. సరిహద్దులో జవాను అంటాడు. బడిలో పిల్లోడు అంటాడు. మొన్న మన వేపచెట్టు కింద మనమూ అన్నాం.

రెండో సంగతి ఇంకా చిన్నది. మా మనసుకు మాత్రం అదే పెద్దది. జెండా రంగు గురించి ఆ సైన్యంలో వాదన వచ్చిందట. హిందువులు కాషాయం ఉండాలన్నారు, ముస్లింలు ఆకుపచ్చ ఉండాలన్నారు. ఎవరి పట్టు వాళ్ళది. చివరికి హిందువులు తమ పట్టు వదులుకున్నారు. గెలిచాం అని ముస్లింలు చంకలు గుద్దుకోవచ్చు. కానీ అబిద్ హసన్ ఆ పని చేయలేదు. ఎదుటివాళ్ళు అంత పెద్ద మనసు చూపించారే, మరి నేనేం ఇవ్వాలి అని ఆలోచించారు. వాళ్ళు వదులుకున్న ఆ కాషాయం రంగును తెచ్చి తన పేరులో కలుపుకున్నారు. అప్పటి నుంచి ఆయన అబిద్ హసన్ సఫ్రానీ. సఫ్రానీ అంటే కాషాయ రంగు అనే అర్థం. ఆయన మతం మారలేదు, విశ్వాసం వదలలేదు. ముస్లింగానే పుట్టి ముస్లింగానే కన్నుమూశారు. కానీ చనిపోయేదాకా ఆ పేరు పలికిన ప్రతి నోరూ ఎదుటివారి త్యాగాన్ని కూడా కలిపి పలికింది.

యుద్ధం ముగిసింది. 1945 ఆగస్టులో బోస్ సైగాన్‌లో విమానం ఎక్కేటప్పుడు వెంట ఒక్కరికే చోటు దొరికింది. ఆయనతో వెళ్ళింది హబీబుర్ రెహమాన్. అబిద్ హసన్ నేల మీద మిగిలిపోయారు. విడుదలై హైదరాబాదు తిరిగొచ్చేసరికి దేశం రెండు ముక్కలయ్యే కాలం. హైదరాబాదు రాజ్యంలో రజాకార్ల అలజడి, 1948 సెప్టెంబరులో పోలీసు చర్య, ఆ ముందూ ఆ తర్వాతా రెండు మతాలవాళ్ళూ అనుభవించిన ఏడుపులు. అప్పటి మన పెద్దలు తుంగభద్ర ఇవతల నుంచి ఆ పొగను చూశారు. ఆ మంటల కాలంలోనే అబిద్ హసన్ కొత్తగా ఏర్పడిన భారత విదేశాంగ శాఖలో చేరారు. ఎన్నో దేశాల్లో పనిచేసి, డెన్మార్క్‌లో రాయబారిగా ఉండి, 1969లో విరమించి, మళ్ళీ హైదరాబాదు వచ్చేశారు. 1984లో అక్కడే కన్నుమూశారు.

పోరాడినవాడు రాయబారి ఎందుకయ్యాడు? మేము చాలాసేపు ఆలోచించిన ప్రశ్న ఇది. మనకు ఈ రెండూ వేరు వేరు పనులుగా కనిపిస్తాయి. పోరాడేవాడు పౌరుషం గలవాడు, సంధి మాట్లాడేవాడు మెత్తనివాడు అనుకుంటాం. కానీ ఆయన జీవితం వేరే సంగతి చెబుతోంది. పరాయివాడి పెత్తనం కింద తల వంచనన్నవాడికే ఎదుటివాడి తల వంచడం కూడా ఇష్టముండదు. తన గౌరవం విలువ తెలిసినవాడే ఎదుటివాడి గౌరవాన్ని కాపాడతాడు. అలాంటివాడే సమాధానం చేయగలడు.

ఇప్పుడు మన సీమలోకి వద్దాం.

మన నేలకు పౌరుషం కొత్త కాదు. ఉయ్యాలవాడ నరసింహారెడ్డి 1846లో కోయిలకుంట్ల ఖజానా మీద పడ్డారు. 1847 ఫిబ్రవరిలో ఆయన్ను ఉరి తీసి, తలను కోటకు వేలాడదీశారు. కర్నూలు గడ్డ మీద పుట్టిన గాడిచర్ల హరిసర్వోత్తమరావు పత్రికలో రాసిన రాతకే జైలుకు పోయారు. దత్త మండలాలు అని, ఎవరో ఎవరికో దత్తు ఇచ్చేసిన ముక్కలుగా పిలిపించుకోవడం ఇష్టంలేక, 1928లో నంద్యాల సభలో మన పెద్దలు రాయలసీమ అనే పేరు పెట్టుకున్నారు. పేరు మార్చుకోవడం అంటే తల ఎత్తుకోవడం అని మనవాళ్ళకు అప్పుడే తెలుసు.

కానీ ఒక్కసారి గుండె మీద చెయ్యి వేసుకొని చెప్పండి. ఎదురు తిరిగినవాళ్ళ పేర్లు మన పిల్లలకు తెలుసు. సినిమాలు తీశారు, విగ్రహాలు పెట్టారు. రెండు ఊళ్ళను కలిపినవాళ్ళ పేర్లు, రెండు ఇళ్ళ మధ్య కక్ష ఆర్పినవాళ్ళ పేర్లు మనకు ఎన్ని తెలుసు? తెల్లదొర పోయాక ఆ పౌరుషం ఎక్కడికి పోయింది? పక్కింటి మీదికి పోయింది. అన్నదమ్ముల మీదికి పోయింది. ఎవరి తాత ఎవరి తాతను ఏమన్నాడో మనవళ్ళు లెక్కలు కట్టి పెట్టుకున్నారు. ఈ సీమలో ఎంతమంది ఆడబిడ్డలు చిన్న వయసులోనే బొట్టు, గాజులు తీసేశారో, ఎంతమంది పిల్లలు తండ్రి ముఖం ఫోటోలో మాత్రమే చూశారో మనందరికీ తెలుసు. ఇప్పుడు బాంబుల చప్పుడు తగ్గింది, దేవునికి స్తోత్రం. కానీ చప్పుడు ఆగడం వేరు, సమాధానం వేరు.

మా సంగతే ఒకటి ఒప్పుకుంటాం. మా సంఘంలో రెండు వర్గాలున్నాయి. అది చదివేవాళ్ళలో చాలామందికి తెలిసిందే. పోయిన సర్పంచి ఎన్నికల్లో మొదలైంది. మందిరంలో కిటికీ పక్క వరుస ఒకరిది, తలుపు పక్క వరుస ఒకరిది. ప్రభురాత్రి భోజనంలో ఒకే రొట్టె విరుస్తాం, ఒకే గిన్నెలోది తాగుతాం. బయటికొచ్చి చెప్పులు తొడుక్కునేటప్పుడు మాత్రం ముఖాలు తిప్పుకుంటాం. క్రిస్మస్‌కు పాటలు పాడుకుంటూ ఇళ్ళకు పోయే గుంపు కూడా రెండుగా చీలింది. ఒక గుంపు ఆ వీధికి పోదు, ఇంకో గుంపు ఈ వీధికి రాదు. రక్షకుడు పుట్టాడన్న కబురు కూడా వర్గం చూసుకొని చెబుతున్నాం.

ఇందులో తప్పు మీది మాత్రమే కాదు, మాదీ ఉంది. కాపరులుగా మేమేం చేశాం? ఎవరినీ ఏమీ అనకుండా ఊరుకున్నాం. ఊరుకోవడమే సమాధానం అనుకున్నాం. ఒక ఇంటికి పోతే రెండో ఇంటివాళ్ళు నొచ్చుకుంటారని, ఒకరి కానుక ఆగిపోతుందేమోనని, రెండో ఇంటి సందులో నుంచి పోకుండా చుట్టూ తిరిగి చెరువుకట్ట మీదుగా పోయిన రోజులున్నాయి. పోయిన ఎండాకాలం ఆ సందులోని ముసలమ్మ జబ్బుపడింది. మేము పోయేసరికి ఆలస్యమైంది. మాట పడిపోయింది. ప్రార్థన చేస్తుంటే మా చెయ్యి పట్టుకొని వదలలేదు. "ఇన్ని రోజులూ ఎందుకు రాలేదయ్యా" అని ఆ కళ్ళు అడిగినట్టే అనిపించింది. ఆమెను సమాధి చేసిన రోజు తలుపు పక్క వరుస నుంచి ఒక్కరూ రాలేదు. మట్టి వేసే చేతులు సగమే. ఆ సగం మట్టి ఇప్పటికీ మా మనసు మీద ఉంది.

అందుకే అబిద్ హసన్ కథ చదివినప్పుడు మాకు ఊరట కంటే ముందు సిగ్గు కలిగింది. ఆయన మధ్యలో ఊరుకున్నవాడు కాదు. ఎదుటివాళ్ళు ఒక అడుగు వెనక్కి వేస్తే, తాను వాళ్ళవైపు ఒక అడుగు ముందుకు వేశాడు. ఆ అడుగును దాచిపెట్టలేదు, అందరికీ తెలిసేలా పేరులోనే పెట్టుకున్నాడు.

రాయబారి పని ఏమిటో మన ఊళ్ళవాళ్ళకు చెప్పక్కరలేదు. తిరునాళ్ళలో తెల్లవార్లూ శ్రీకృష్ణ రాయబారం పద్యనాటకం చూసిన నేల మనది. రాయబారి ఇటు మాట అటు మోస్తాడు, అటు మాట ఇటు మోస్తాడు. కలపడు, తీసేయడు. పరాయి ఊళ్ళో కూర్చొని వాళ్ళ బువ్వ తిని, వాళ్ళ మాట నేర్చుకొని, వాళ్ళ బాధ విని, తనవాళ్ళకు ఉన్నదున్నట్టు చెబుతాడు. తనవాళ్ళకు నచ్చని మాట కూడా చెబుతాడు. మన ఊళ్ళో మాటలు మోసేవాళ్ళకు కొదవ లేదు. కానీ వాళ్ళు మోసేది మాట కాదు, మంట. "వాడు నిన్ను ఇట్లా అన్నాడు తెలుసా" అని రెండు చేర్చి చెప్పేవాడు రాయబారి కాడు, చాడీకోరు.

పౌలు కొరింథువారికి రాసిన రెండో పత్రిక అయిదో అధ్యాయంలో మనల్ని క్రీస్తుకు రాయబారులు అంటాడు. ఆ అధ్యాయం ఇంటికి పోయి మళ్ళీ చదవండి. దేవుడు మనతో సమాధానపడి, ఆ సమాధానపరిచే పనినే మన చేతికి ఇచ్చాడన్నది అక్కడి సంగతి. అంటే అది పాస్టరు ఒక్కడి ఉద్యోగం కాదు. బాప్తిస్మం తీసుకున్న ప్రతి ఒక్కరి ఉద్యోగం. అదే పౌలు ఫిలేమోనుకు చిన్న ఉత్తరం రాశాడు. ఇల్లు వదిలి పోయిన దాసుడు ఒనేసిమును తిరిగి పంపుతూ, అతను నీకేమైనా బాకీ ఉంటే ఆ లెక్క నా పేర రాసుకో అన్నట్టు రాస్తాడు. చూశారా, ఇక్కడా పేరే. సమాధానం చేసేవాడు ఎదుటివాడి బాకీని తన పేర రాయించుకుంటాడు. మన ప్రభువు చేసింది కూడా అంతే కదా. మహిమలో ఉన్నవాడు మన మనుష్య రూపం ధరించాడు, మన లెక్కంతా సిలువ మీద తన పేర రాయించుకున్నాడు.

అయితే ఇక్కడ ఒకరు అడగవచ్చు. అడగాలి కూడా. "అయ్యగారూ, మా పొలం గట్టు జరిపి రెండు సెంట్లు కలుపుకున్నారు. మా బిడ్డను కొట్టారు. వాళ్ళతో నవ్వుతూ వందనాలు చెప్పాలా? సమాధానం పేరు చెప్పి మా నోరు మూయిస్తారా?" ఈ ప్రశ్న న్యాయమైనది. మన సీమలో రాజీ అనే మాటకు చెడ్డ వాసన పట్టింది. బలమున్నవాడి అరుగు మీద పంచాయితీ పెట్టి, నాలుగు డబ్బులు చేతిలో పెట్టి, కేసు వెనక్కి తీసుకోమని బెదిరించడాన్ని రాజీ అంటున్నారు. అది సమాధానం కాదు. గాయం మానకుండానే మానిపోయిందని చెప్పే వైద్యం అది. యిర్మీయా ప్రవక్త తన కాలంలో అలాంటి ఉత్త సమాధానం చెప్పేవాళ్ళనే గద్దించాడు.

అబిద్ హసన్ తరం మనకు నేర్పేది సరిగ్గా ఇదే. ఇంగ్లీషువాళ్ళ కింద కూడా దేశం ప్రశాంతంగానే ఉందని దొరలు అనేవాళ్ళు. ఆ ప్రశాంతత బానిసతనం మీద పరిచిన దుప్పటి. దాన్ని ఆ తరం ఒప్పుకోలేదు. అన్యాయాన్ని అన్యాయం అని చెప్పింది, జైళ్ళకు పోయింది. కానీ ఎదిరించేటప్పుడు పక్కనున్న సోదరుణ్ణి శత్రువుగా చేసుకోలేదు. 1945 చివర్లో ఎర్రకోటలో ఆజాద్ హింద్ ఫౌజ్ అధికారుల మీద మొదటి విచారణ జరిగినప్పుడు బోనులో నిలబడ్డ ముగ్గురు షా నవాజ్ ఖాన్, ప్రేమ్ సెహగల్, గురుబక్ష్ సింగ్ ధిల్లాన్. ఒక ముస్లిం, ఒక హిందువు, ఒక సిక్కు. దేశమంతా ఆ ముగ్గురి కోసం కలిసి గొంతెత్తింది. న్యాయం అడగడానికి కలిసి నిలబడవచ్చని, కలిసి నిలబడటానికి న్యాయాన్ని వదులుకోనక్కరలేదని ఆ బోను చూపించింది.

కాబట్టి గట్టు జరిపినవాడు గట్టు వెనక్కి జరపాలి. కొట్టినవాడు ఒప్పుకోవాలి. పోలీసు స్టేషన్, కోర్టు చేయాల్సిన పని అవి చేయాలి. జక్కయ్య నాలుగంతలు తిరిగి ఇస్తానన్నాకే కదా ఆ ఇంటికి రక్షణ వచ్చిందని ప్రభువు చెప్పింది. కానీ గట్టు తగాదాకు ముసలమ్మ సమాధి దగ్గర మట్టి వేయకపోవడానికీ ఏం సంబంధం? కేసు కోర్టులో ఉండనీ. పలకరింపు ఎందుకు జైల్లో ఉండాలి?

మన సీమలో మంచి వాడుకలు ఇంకా చావలేదు. కడపలో ఉగాది రోజు దేవుని కడప గుడికి ముస్లిం కుటుంబాలు కాయకర్పూరాలతో వస్తాయి. వెంకటేశ్వరుడు తమ బీబీ నాంచారమ్మ పెనిమిటి అని, ఆడబిడ్డ ఇల్లు అని వస్తారు. అదే కడపలో పెద్ద దర్గా ఉరుసుకు అన్ని మతాలవాళ్ళూ పోతారు. పీర్ల పండగ వస్తే ఎన్నో పల్లెల్లో పీర్లను ఎత్తేవాళ్ళలో హిందువులుంటారు. మన విశ్వాసం వేరు, మన ఆరాధన వేరు, ఆ తేడాను మేము చెరిపేయమనడం లేదు. కానీ వేరు దేవుణ్ణి కొలిచేవాళ్ళే ఒకరి గడప ఒకరు తొక్కగలిగితే, ఒకే ప్రభువు పేరున ఒకే బల్ల దగ్గర మోకరించే మనం ఒకరి గడప ఒకరు ఎందుకు తొక్కలేం? ఈ ప్రశ్నకు మా దగ్గర జవాబు లేదు. మీ దగ్గర ఉంటే చెప్పండి.

మన ప్రభువు కొండమీద ప్రసంగంలో అడిగింది కూడా పలకరింపు గురించే. మీ సొంతవాళ్ళకే వందనం చెబితే అందులో మీ గొప్పేముంది, అన్యజనులూ అంతే చేస్తారు కదా అని అడిగాడు. మత్తయి సువార్త అయిదో అధ్యాయం చివర్లో ఉంది. అదే అధ్యాయం మొదట్లో సమాధానపరిచేవాళ్ళను దేవుని కుమారులు అంటారని చెప్పాడు. మొదట్లో ఆశీర్వాదం, చివర్లో పలకరింపు. ఈ రెండింటినీ కలిపి చదివితే, సమాధానపరచడం అనే అంత పెద్ద పని నోటి మాటంత చిన్నదాంతో మొదలవుతుందని మాకు అర్థమైంది.

అందుకని మేమూ, మా సంఘ పెద్దలూ కూర్చొని ఒక నిర్ణయానికి వచ్చాం. మీ మీద రుద్దడం లేదు. మేము మొదలుపెట్టి మీకు చెబుతున్నాం. వచ్చే ఆదివారం ఆరాధన అయ్యాక మేము తలుపు దగ్గర కాకుండా రెండు వరుసల మధ్య నిలబడతాం. ఎవరు ముందు వచ్చినా రెండో వరుసవాళ్ళలో ఒకరిని పిలిచి, ఇద్దరినీ కలిపి వందనాలు చెబుతాం. ఇష్టంలేకపోతే ఊరికే పోవచ్చు, కోపం లేదు. ఈ క్రిస్మస్‌కు పాటల గుంపు ఒక్కటే. మొదట ఆ సందుకే పోతాం, ముసలమ్మ ఇంటి ముందర నిలబడి పాడతాం. గట్టు తగాదా ఉన్న రెండు ఇళ్ళవాళ్ళు ఒప్పుకుంటే, సర్వేయరును పిలిపించి కొలతలు వేయించే ఖర్చు సంఘం పెట్టుకుంటుంది. సమాధానం ఉత్త మాటలతో రాదని మాకూ తెలుసు.

ఇంకో మాట. దూరాన ఉన్న బిడ్డలారా, మీకూ ఒక పని ఉంది. కువైట్‌లో ఒకే గదిలో ఉంటున్న మన ఊరివాళ్ళలో ఇద్దరు ఈ రెండు వర్గాల ఇళ్ళవాళ్ళేనని మాకు తెలుసు. అక్కడ ఒకే కుండలో వండుకుంటారు, ఒకరి జ్వరానికి ఒకరు మాత్ర తెస్తారు. ఇక్కడ మీ నాయనలు ముఖాలు చూసుకోరు. మీరు ఇంటికి ఫోను చేసినప్పుడు ఆ సంగతి మీ నాయనకు చెప్పండి. "వాడు నాకు అన్నం పెట్టినాడు నాయనా" అని చెప్పండి. దానికి ఏమీ కలపొద్దు. సముద్రం అవతల నుంచి వచ్చే ఆ ఒక్క మాట మా పది ప్రసంగాల కంటే బలంగా తగులుతుంది.

అయిదో తరగతి పిల్లోడికి ఇప్పుడు జవాబు చెప్పాం. "ఆ మాటను హైదరాబాదులో పుట్టిన అబిద్ హసన్ అనే ఆయన పెట్టారంటారు నాయనా. వేరు వేరుగా పలకరించుకునే సిపాయిలు ఒకటిగా పలకరించుకోవాలని పెట్టారంట" అన్నాం. వాడు కాసేపు ఆలోచించి, "మరి మా నాయన వాళ్ళ నాయనతో ఏమనాల?" అని కిటికీ పక్క వరుసలో కూర్చునే పిల్లోణ్ణి చూపించాడు.

"వందనాలు అంటే చాలు" అన్నాం. మా గొంతు సరిగ్గా పలకలేదు.

ప్రార్థన చేద్దాం. ప్రభువా, మధ్యలో ఉన్న గోడను నీ శరీరంతో పడగొట్టినవాడా, మా ఊళ్ళో మేము మళ్ళీ కట్టుకున్న గోడను చూడు. న్యాయం అడిగే ధైర్యం మాకు ఇవ్వు. ముందుగా పలకరించే ధైర్యం అంతకంటే ఎక్కువగా ఇవ్వు. ఎదుటివారి బాధను మా పేరులో కలుపుకునే పెద్ద మనసు ఇవ్వు. మా సీమకు వానలు ఇవ్వు, మా ఇళ్ళకు సమాధానం ఇవ్వు. యేసు నామంలో అడుగుతున్నాం తండ్రీ, ఆమేన్.

ఆదివారం కలుద్దాం. రెండు వరుసలవాళ్ళూ రండి.

మీ ప్రార్థనలు కోరే,
మీ సంఘ కాపరులు